పరదేశులకు అభయము: కొన్ని పాత శాసనముల ముచ్చట

మన భాషలో "పరదేశి" యను మాటకు పట్టిన గతి వింతగా నుండును. పరదేశమునుండి వచ్చినవాడని దాని యర్థము. ఆ యర్థమున దైన్యము లేదు, దారిద్ర్యము లేదు. కాని వాడుకలో "పాపము, పరదేశి" యన్నచో దిక్కులేనివాడని, బిచ్చమెత్తువాడని గ్రహింతుము. ఊరు విడిచినవానికి తుదకు పట్టు గతి యదియేయని మన పెద్దలు తీర్మానించుకొన్నట్లున్నది. "ఊరూ పేరూ లేనివాడు" అనుటయు నట్టిదే. పేరునకు ముందు ఊరు! ఊరు లేనివానికి పేరెక్కడిదని కాబోలు.

అట్టివాడు బ్రతుకుదెరువు వెదకికొనుచు వేరొక యూరికి వచ్చినపుడు అక్కడి పాలకులు వానితో నెట్లు వ్యవహరించిరి? మన పురాణములు అతిథిపూజను వేనోళ్ల పొగడినవి. కాని అతిథి మరునాడు వెళ్లిపోవువాడు. ఒకపూట యన్నము పెట్టి సాగనంపుట వేరు; వచ్చినవాడు ఇల్లు కట్టుకొని, అంగడి పెట్టుకొని, మన బావిలో నీళ్లు తోడుకొని, మన ప్రక్కనే కాపురముండుట వేరు. మొదటిదానికి దయ చాలును. రెండవదానికి కట్టుబాటు కావలెను, ఆ కట్టుబాటు వ్రాతలో నుండవలెను. అట్లు రాతిమీదను రాగిరేకులమీదను వ్రాయించినవారు మన దేశమున కొందరు గలరు. గ్రామలెక్కలు వ్రాయుటలో తల నెరసినవాడను గనుక శాసనములను కావ్యములవలె గాక లెక్కలవలె చదువుట నాకలవాటు. ఆ చదువులో తోచిన సంగతులనే ఈ రజతోత్సవ సంచిక చదువరులకు మనవి చేయుచున్నాను.

మొదట మోటుపల్లి. అది నేడు బాపట్ల జిల్లాలో, చినగంజాము మండలమున, సముద్రతీరముననున్న చిన్న గ్రామము. ఏడెనిమిది వందల సంవత్సరముల క్రిందట ఆంధ్రదేశపు పెద్ద రేవులలో నొకటి. దేశ్యుయ్యకొండపట్టణమని దానికి మారుపేరు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి తీరాంధ్రమును తన యేలుబడిలోనికి తెచ్చుకొన్న పిమ్మట, శాలివాహన శకము 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, అక్కడ నొక స్తంభముమీద అభయశాసనము చెక్కించెను. ఆ స్తంభము వీరభద్రస్వామి యాలయమున నున్నది. దేశదేశములనుండి, ద్వీపములనుండి, నగరములనుండి వచ్చుచు పోవుచుండు సముద్రవర్తకులకు చక్రవర్తి యిచ్చిన మాట యది.

అభయమిచ్చుటకు భయమొకటి యుండవలెను గదా. ఆ భయమెట్టిదో శాసనమే చెప్పుచున్నది. ఓడ గాలివానలో చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొని వచ్చినయెడల అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును ఆ తీరమేలు రాజు తన పరము చేసికొనుట పూర్వాచారము. సముద్రము విడిచిపెట్టిన వర్తకుని రాజు విడిచిపెట్టడయ్యె! పూర్వరాజులు బలాత్కారముగా నట్లు గైకొనుచుండిరని గణపతిదేవుడు దాపరికము లేక వ్రాయించెను. ప్రాణముకంటెను ధనమే మిన్న యనుకొని ఇంతటి సాహసమునకు దిగినవారిపై జాలిపడి, కీర్తిని పుణ్యమును గోరి, నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నానని ప్రకటించెను.

ఇట్టి దురాచారము మన తీరమునకే పరిమితమైనదని యెవ్వరును సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లండులోనుగూడ పగిలిన ఓడ రాజుదే. గణపతిదేవుని శాసనమునకు ముప్పది యేండ్ల తరువాత, 1275లో, ఆ దేశపువారు చేసికొన్న చట్టములో నొక చక్కని నిబంధన గలదు: ఓడనుండి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణముతో బయటపడినచో అది పగిలిన ఓడ కాదు, సరకును ఒక సంవత్సరము నొక దినము భద్రపరచి, సొంతదారు వచ్చి రుజువు చేసికొన్నయెడల అప్పగింపవలెను. పిల్లి ప్రాణముమీద వర్తకుని యాస్తి యాధారపడియున్న కాలమది. మన చక్రవర్తి పిల్లిని కుక్కను సాక్ష్యమడుగలేదు.

ఇక సుంకము. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకటి. నేటి లెక్కను నూటికి మూడు రూపాయల ముప్పదిమూడు పైసలు. అంతటితో విడువక సరకుల పట్టీని గూడ చెక్కించెను. గంధము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాజి, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు, వీనిలో దేనికెంతయో విడివిడిగా నున్నది. పోకలకు లక్షకింతయని లెక్క. సాహిత్యాభిమానులు ఈ భాగమును దాటిపోవుదురు. నేను మాత్రము ఈ పట్టీయందే శాసనమునకు ప్రాణమున్నదని తలంతును. సుంకమెక్కువా తక్కువా యనునది రెండవ ప్రశ్న. అది ముందుగా తెలియునా యనునది మొదటి ప్రశ్న. రేవు అధికారి ముఖభావమునుబట్టి సుంకము మారునేని ఆ రేవు పరదేశికి అడవితో సమానము. స్థానికునకైన ఆ యధికారి బావమరిదిని పట్టుకొని పని చక్కబెట్టుకొను వీలుండును. పరదేశికి బావమరిది యెక్కడ? రాతిమీది యంకెయే వానికి బంధువు.

ఆ శతాబ్దపు చివర ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును వర్ణించెను. వజ్రములను, సన్నని వస్త్రములను, రాజ్యమేలు రాణిని పొగడెను. ఆమెను రాజుగారి విధవయని పొరబడెను గాని రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తెయని మనకు తెలియును. అతడు రాజ్యమునకు పెట్టిన పేరు "ముత్ఫిలి", అనగా మోటుపల్లి. ఓరుగల్లు పేరు గాదు, కాకతీయుల పేరు గాదు. విదేశీయునకు రాజ్యమనగా రేవే. ఇది నేటికిని చెల్లును. ఒరిస్సానుండియో బీహారునుండియో మన ప్రాంతమునకు వచ్చిన కూలివానికి ప్రభుత్వమనగా ఢిల్లీ గాదు, అమరావతి గాదు, హైదరాబాదు గాదు. చౌకదుకాణము, బడి, ఊరి మంచినీళ్ల కుళాయి, పంచాయతీ కచేరి.

1323లో ఓరుగల్లు పడిపోయెను. దేశమున కల్లోలము రేగెను. వర్తకుడు యుద్ధమును సహింపడు. ఓడలు వేరు రేవులు చూచుకొనెను. పిమ్మట కొండవీటి రెడ్డిరాజులు బలపడి, అనవోతారెడ్డి పాలించుచుండగా, శకము 1280లో, అనగా 1358లో, అదే మోటుపల్లిలో మరియొక ధర్మశాసనము వేయించిరి. మొదటి శాసనముకంటె ఈ రెండవది నా దృష్టిలో నొక మెట్టు పైది. గణపతిదేవుడు వచ్చిపోవు ఓడలకు అభయమిచ్చెను. అనవోతారెడ్డి వచ్చి నిలిచిపోవువారిని పిలిచెను. మోటుపల్లికి వచ్చి కాపురముండువారికి భూమి యిత్తుమనెను. వారు తెచ్చిన సరకును తమ యిచ్చవచ్చినట్లు అమ్ముకొనవచ్చును, దానిని బలవంతముగా లాగికొనమనెను. బంగారముపై సుంకమును మానెను, గంధముపై సుంకములో మూడవవంతు తగ్గించెను. మఱి రెండు నిబంధనలున్నవి. వానియొద్ద కొంచెముసేపు నిలువవలెను.

ఒకటి, అపుత్రికాదండమును ఎత్తివేయుట. కొడుకులు లేక చనిపోయినవాని యాస్తి రాజుపరమగుట పూర్వపు కట్టడి. కాళిదాసు శాకుంతలము చదివినవారికి ధనమిత్రుని కథ జ్ఞాపకముండును. అతడు సముద్రవర్తకుడు, ఓడ మునిగి మరణించెను, సంతానము లేదు, అతని ధనరాశి యంతయు రాజునకు చెందునని మంత్రి పత్రము వ్రాసి పంపెను. దుష్యంతుడు తొందరపడక, అతని భార్యలలో గర్భవతి యెవతెయైన నున్నదేమో విచారింపుడని, ఉన్నదని తెలిసి, ఆ ధనము గర్భస్థశిశువునకే చెందునని తీర్పు చెప్పెను. అది నాటకము, రాజు మంచివాడు గనుక శిశువు బ్రతికిపోయెను. రాజు మంచితనముమీద ఎన్నాళ్లు ఆధారపడుట? దూరదేశమున నొంటిగా చనిపోవు వర్తకుని కొడుకులున్నారో లేరో యెవ్వరు చూడవచ్చిరి? లేరని వ్రాసికొనుట యధికారులకు సుళువు. అందుచే పరదేశికి ఈ దండము స్థానికునికంటె పదిరెట్లు భయంకరము. ఎవ్వరి మంచితనముతోడను పని లేకుండ ఆ దండమునే తొలగించుట అనవోతారెడ్డి చేసిన పని.

రెండవది, వెళ్లదలచినవానిని ఏ మిషమీదను నిలుపక మర్యాదతో పంపుదుమనుట. రమ్మను పిలుపులో పొమ్మను మాట యేల యని కొందరికి తోచవచ్చును. కాని ఆలోచింపుడు: బయటికి దారిలేని యింటిలో నెవ్వడు అడుగు పెట్టును? బాకీ పేరనో జరిమానా పేరనో నిలిపివేయుదురను భయమున్నచోటికి కాళ్లు రావు. వచ్చినవాడు వెళ్లగలిగియు వెళ్లక నిలిచినప్పుడే ఆ యూరు మంచియూరని లెక్క.

ఈ శాసనమును తెలుగున మాత్రమేగాక తమిళమునను వ్రాయించిరి. దక్షిణమునుండి వచ్చువారు చదువుకొనవలెనని యుద్దేశము. చేసిన మేలు చేయించుకొన్నవానికి తెలియవలెను గదా. మేలు తెలియనివానిని మధ్యవర్తి నిలువున దోచుకొనును. ఆ రేవు మరల కళకళలాడెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఆ తరువాతి కాలపువాడే. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన సముద్రవర్తకుడు. మహాకవి యొకడు వైశ్యశిఖామణికి కావ్యమంకితమిచ్చుటలో ఈ సుంకముల తగ్గింపునకుగూడ కొంత భాగము గలదన్నచో పండితులు నన్ను క్షమింతురుగాక.

రాజు శాసనము వేయించును. దానిని నిలుపవలసినవారు ఊరివారు. ఆ రెండవ సంగతి మోటుపల్లి స్తంభములలో స్పష్టపడదు. దానికై మనము పశ్చిమతీరమునకు, కేరళములోని కొల్లమునకు పోవలెను. క్రీ.శ. 849లో, చేరరాజు స్థాణురవి యేలుబడిలో, వేణాడు పాలకుడగు అయ్యనడిగళ్ అక్కడి తరిసాపల్లి యను క్రైస్తవ దేవాలయమునకు రాగిరేకులమీద శాసనమిచ్చెను. దానిని కట్టించినవాడు సపీర్ ఈశో యను పరదేశి. దేవాలయమునకు భూమి నిచ్చుట, కొన్ని పన్నులు మాఫీ చేయుట మన యగ్రహారముల శాసనములలోను కనబడునవే. విశేషమేమనగా, ఆ పట్టణపు తూనికలు కొలతలు దేవాలయమువారి యధీనము చేయబడెను. త్రాసు పరదేశి చేతికి! సంతలో మానిక కొట్టు తీరు తెలిసినవారికి ఈ మాట బరువెంతో తెలియును. అటుపిమ్మట ఈ యేర్పాటును కాపాడు భారము అంజువణ్ణము, మణిగ్రామము అను వర్తక సంఘములపై నుంచిరి. వేణాటి ఆరునూర్వురను సభయు ఇందు పేర్కొనబడెను. రాజు మారినను సంఘములు మారవు.

ఆ రేకుల చివర సాక్షుల సంతకములున్నవి. శాసనము వట్టెళుత్తు లిపిలో నున్నది. సాక్షులు మాత్రము ఎవరి లిపిలో వారు వ్రాసిరి. కొందరు అరబ్బీలోను, కొందరు పహ్లవీ యను పాత పారసీకములోను, కొందరు హీబ్రూ అక్షరములతో పారసీకమునను చేవ్రాళ్లు చేసిరి. ముసల్మానులు, పారసీకులు, క్రైస్తవులు, యూదులు ఒక హిందూపాలకుని దానపత్రమునకు సాక్షులు! ఎన్నో పత్రములకు సాక్షి సంతకములు పెట్టించినవాడను. ఇంతకంటె నిండైన సాక్షిపట్టీని నేనెరుగను. మఱి నూటయేబది యేండ్లకు, సుమారు క్రీ.శ. 1000లో, భాస్కరరవి యను చేరరాజు జోసఫ్ రబ్బాన్ అను యూదుప్రముఖునికి డెబ్బదిరెండు హక్కులతో రాగిరేకులిచ్చెను. గొడుగు, పల్లకి, పగటిదివిటీ వంటి మర్యాదలు అందులోనివి. ఆ రేకులను కొచ్చిన్ యూదులు ప్రాణపదముగా దాచుకొనిరి.

అయితే కొల్లము రేకులలో నొక పుటను మనము తలవంచుకొని చదువవలెను. దేవాలయమునకు భూమితోపాటు కుటుంబములను గూడ ఇచ్చిరి. కల్లుగీయు ఈళవులు, బట్టలుదుకు వణ్ణార్లు, సేద్యము చేయు వెళ్లాలులు ఆ దానములోనివారు. వారికి కొన్ని పన్నులు తీసివేసిరి. అంగడిలోనికి కోటలోనికి వచ్చుటకు ఈళవునికి సెలవిచ్చిరి. ఇది కొంత మేలే. కాని వారిని అడిగి యిచ్చినది కాదు. దేశదేశముల సాక్షులు సంతకములు చేసిన ఆ రేకులమీద ఈ కుటుంబములలో నొక్కని గుర్తైనను లేదు. పరదేశికిచ్చిన యాదరణ ఖర్చు ఎవ్వరి ఖాతాలో వ్రాసిరను ప్రశ్న అక్కడ పుట్టుచున్నది. ఖర్చును ఊరిలోని పేదవాని ఖాతాలో వ్రాసినచోట పరదేశిపై ద్వేషము తప్పక పుట్టును. అట్టి సంగతి ముందు రంగూనులో చూతుము.

వచ్చినవారు తరతరములు వచ్చినవారుగనే యుందురా? దీనికి సమాధానము మాళవదేశపు దశపురములో, అనగా నేటి మందసోరులో, దొరకిన శాసనమున నున్నది. లాటదేశము, అనగా దక్షిణ గుజరాతునుండి, పట్టు నేయు సాలెలు కొందరు ఆ పట్టణపు గుణమును, పాలకుల గుణమును విని కుటుంబములతో వలసవచ్చిరి. క్రీ.శ. 436లో తమ శ్రేణి ధనముతో సూర్యదేవాలయము కట్టించిరి. అది శిథిలము కాగా 473లో బాగుచేయించి, వత్సభట్టి యను కవిచేత శాసనము వ్రాయించిరి. ఆ మధ్యకాలమున వారిలో కొందరు మగ్గమును విడువలేదు; కొందరు విలువిద్య నేర్చిరి, కొందరు జ్యోతిషము, కొందరు కథలు చెప్పుట, కొందరు యుద్ధరంగము. కవి యిదంతయు గర్వముతో చెప్పెను. పట్టు నేయుటకు వచ్చినవాడు పట్టే నేయవలెనని దశపురమువారు వారిని కట్టిపడవేయలేదు. తాము కట్టిన గుడిని తామే బాగుచేసికొనునంతటి కాలము వారా యూర నిలిచిరి. నాకు ఈ గుడి మరమ్మతు ఆ గుడికంటె ఘనముగా దోచును. పోదలచినవాడు చూరు నేయించుకొనడు.

ఇంతవరకు చెప్పినవారందరు ఓడలు గలవారు, మగ్గములు గలవారు, ధనము గలవారు. వారితో పాలకులకు పని గలదు. సుంకము వచ్చును, సరకు వచ్చును. రెండు చేతులు తప్ప వేరేమియు లేనివాడు వచ్చినప్పుడు ఏమి జరిగెను? దీనికి సాక్ష్యము వేరెవ్వరినో అడుగనేల, మన తెలుగువారే యున్నారు.

బర్మాదేశమున మనవారిని "కొరంగీలు" అనెడివారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు వారికి వంశనామమయ్యెను. ఆ రేవు 1839 తుపానులో దెబ్బతిన్నను పేరు నిలిచిపోయెను. మార్కోపోలో రేవు పేరు రాజ్యమునకు పెట్టినట్లే బర్మావారు రేవు పేరు జాతికి పెట్టిరి; అచట పొగడ్త, ఇచట తిరస్కారము. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది జనులు రంగూను ఓడరేవులో మూటలు మోయుటకు, బియ్యపు మిల్లులలో పనిచేయుటకు, రిక్షాలు లాగుటకు పోయిరి. మేస్త్రీ ఓడఖర్చు బయానాగా నిచ్చును. అది తీరువరకు కూలివాడు మేస్త్రీ మనిషి. కూలిలో మేస్త్రీకి భాగము. ఇరుకుగదులలో వంతులమీద పడుకొనుట. 1931 జనాభాలెక్కలలో రంగూను నగరజనులలో సగమునకు పైగా భారతీయులు. నగరపాలక సభలోను భారతీయులుండిరి. వర్తకులు, వకీళ్లు, ఇండ్ల యజమానులు. మూట మోయువాని మాట చెప్పుటకు వారిలో నెవ్వరు? కూలి యెంత, బస యెట్లు, బయానా యెంతవరకు కోయవచ్చును అను పట్టీ ఏ స్తంభముమీదను లేకపోయెను.

1930 మే నెలలో ఆ రేవున తెలుగు కూలీలు కూలి పెంపుకై సమ్మె కట్టిరి. ఓడల కంపెనీలవారు బర్మా కూలీలను పిలిచి పనిలో పెట్టిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి రాగానే పిలిచినవారిని పొమ్మనిరి. 26వ తేదీన కొట్లాట మొదలై నగరమంతట వ్యాపించెను. వందమందికి పైగా చనిపోయిరి. వారిలో పెక్కుమంది మనవారు. ఇరువురు పేదవాండ్రను ఒకే మూట కొరకు నిలువబెట్టి, ఖర్చును ఇరువురి ఖాతాలోను వ్రాసి, లాభమును మూడవవాడు తీసికొన్న కథ యిది. బర్మావారిని తిట్టి ప్రయోజనము లేదు. తమ నగరమున తాము సగముకంటె తక్కువైపోయిన వారి గుండెకోత వారికుండెను.

ఆపైన 1937లో బర్మా ఇండియానుండి విడిపోయెను. జపానువారి దాడి రాగా 1942లో లక్షలకొలది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట కాలినడకను బయలుదేరిరి. వేలకొలది దారిలో రాలిపోయిరి. యుద్ధానంతరము తిరిగిపోయి నిలద్రొక్కుకొన్నవారు 1964 ప్రాంతమున, సైనిక ప్రభుత్వము దుకాణములను వ్యాపారములను జాతీయము చేసినపుడు, మరల కట్టుబట్టలతో వచ్చిరి. విశాఖపట్టణమున వారు దిగినచోటికి నేటికిని "బర్మా క్యాంపు" అనియే పేరు. అక్కడ కొరంగీలు, ఇక్కడ బర్మావాండ్రు. సొంత దేశమునకు తిరిగివచ్చినను పరదేశి పేరు వారిని విడువలేదు.

ఈ పాత కథలన్నియు ఇప్పుడేల యని యడుగువారికి మన ప్రాంతపు ఇటుకబట్టీలను చూపుదును. పంటలు ఇండ్లకు చేరిన పిమ్మట ఒరిస్సాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి కుటుంబములు కుటుంబములుగా వచ్చి, వానలు పడువరకు ఇటుకలు కోయుదురు. అక్కడ సర్దారు బయానా ఇచ్చును. ఇక్కడ బయానా తీరువరకు కదలరాదు. రంగూను మేస్త్రీ లెక్కకు ఈ లెక్కకు నాకు భేదము కనబడదు. ఇట్టి కూలీల దురవస్థను చూచియే 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసెను. అందులో నొక నిబంధన ప్రకారము కూలివానికి ఛాయాచిత్రముతో పాసుపుస్తకమొకటి యివ్వవలెను. పని, కూలి, కూలిలో కోతల వివరములు అందులో వ్రాయవలెను. హిందీ ఇంగ్లీషు తెలియనివాడైనచో వాని భాషలోగూడ వ్రాయవలెను. అనవోతారెడ్డి తమిళశాసనమే యిది! కాని ఆ పుస్తకము చేతనున్న కూలివానిని చూచినవారెందరు? 2020లో ఆ చట్టమును క్రొత్త కార్మికస్మృతిలో కలిపివేసిరి. ఆ సంవత్సరముననే, కరోనా జాడ్యము వలన పనులాగి, కూలీలు జాతీయ రహదారులవెంట నడచిపోవుట మనము కన్నులార చూచితిమి. దారిలో నెందరు చనిపోయిరని పార్లమెంటులో అడుగగా ఆ లెక్క తమయొద్ద లేదని కేంద్రప్రభుత్వము బదులు చెప్పెను. వ్రాయని లెక్క యెక్కడనుండి వచ్చును?

పంచాయతీవారు వీరిని పట్టించుకొనకుండుటకు కారణము క్రూరత్వము గాదు. వారి వోటు బలాంగీరులో నున్నది. మన సర్పంచికి వారితో పనిలేదు, వారి సర్పంచి వారిని కానడు. మోటుపల్లి వర్తకునకును వోటు లేదు గాని సుంకము గలదు. బట్టీకూలివాని వలన బట్టీ యజమానికి లాభము, ఊరిలో మనము కట్టుకొను ఇండ్లకు ఇటుక. ఆ ఇటుక మన గోడలలో నున్నది. దానిని కోసినవాని పేరు మన గ్రామమున నొక పుస్తకములోను లేదు.

చేయదగినవి లేవా? రేషనుకార్డు ఎక్కడిదైనను ఎక్కడనైన బియ్యము తీసికొను పద్ధతిని 2019 ఆగస్టులో మొదలుపెట్టినపుడు, మొట్టమొదట జతపడిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ తెలంగాణములున్నవి. పిమ్మట అది దేశమంతట వ్యాపించెను. కొన్ని జిల్లాలలో బట్టీలచెంతనే బడిపెట్టి, ఒరిస్సానుండి పంతుళ్లను రప్పించి, పిల్లలకు ఒడియాలోనే పాఠములు చెప్పించిరి. ఇవి రాజశాసనములు. వీనిని నిలుపవలసినది ఊరు. బట్టీ తెరచిననాడే పంచాయతీ గుమాస్తా వెళ్లి వచ్చినవారి పేర్లు, ఊర్లు, పిల్లల వయస్సులు ఒక పుస్తకములో నెక్కించుకొనవచ్చును. వేయి యిటుకలకు కూలి యెంత, బయానాలో వారమునకు కోత యెంత, ఆరోగ్యకేంద్రము ఎక్కడ, బియ్యమిచ్చు దుకాణమేది, పోదలచినవానిని బాకీ పేర నిలుపుట నేరమనియు, బట్టీ వాకిట నొక పలకమీద వ్రాయించి పెట్టవచ్చును. దీనికి చక్రవర్తి యక్కరలేదు. ఒక పలక, కొంత రంగు చాలును.

ఆ పలకను తెలుగున నేను వ్రాయగలను. ఒడియాలిపి మన గ్రామమున నెవ్వరికి రాదు. బట్టీలకు వచ్చు కుటుంబములలో తమ యూర బడి చదివిన పిల్లలుందురు. వారిలో నొకరిని సాయంకాలము మన గ్రంథాలయమునకు పిలిచి కూర్చుండబెట్టినచో ఒక గంటలో వ్రాసియిత్తురు. పఠనమందిరమున కూర్చుండుటకు చందా యక్కరలేదని మన నియమావళిలోనే యున్నది.